పెన్సిల్‌తో మైన్‌క్రాఫ్ట్ లాంతరు వెలిగించడం: రెండేళ్లు వాడాక నా సామాను గురించి

మా అబ్బాయి మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో గుహలోకి దిగి లాంతరు వేలాడదీసినప్పుడల్లా నేను పని ఆపి చూస్తాను. అప్పటిదాకా నల్లగా ఉన్న రాళ్లు ఒక్కసారిగా కనిపిస్తాయి. 2019లో ఆటలోకి వచ్చిన ఆ చిన్న లాంతరును, దాని వెలుగుతో సహా, పెన్సిల్‌తో కాగితం మీదికి తేవాలని రెండేళ్లుగా గీస్తున్నాను. ముప్ఫైసార్లకు పైనే గీసి ఉంటాను. అందుకు వాడినవి ఇవి: స్టెడ్లర్ మార్స్ ల్యుమోగ్రాఫ్ పెన్సిళ్లు, అదే కంపెనీ ల్యుమోగ్రాఫ్ బ్లాక్ 8బి, ముద్దలా పిసికే నీడబుల్ ఎరేజర్, టాంబో మోనో జీరో ఎరేజర్, 200 జీఎస్‌ఎం మందపాటి కాగితం. పెన్సిల్ మీద బి ముందు అంకె పెరిగేకొద్దీ మెత్తగా, నల్లగా పడుతుంది; హెచ్ ముందు అంకె పెరిగేకొద్దీ గట్టిగా, లేతగా పడుతుంది; హెచ్‌బీ మధ్యది.

మొదటి బొమ్మలో లాంతరు చుట్టూ హెచ్‌బీతో శుభ్రంగా గీత గీసి, లోపల తెల్లగా వదిలేసి, బయట కాస్త షేడింగ్ చేశాను. తెల్ల డబ్బా వచ్చింది, వెలుగు రాలేదు. కాగితం కన్నా తెల్లనిది మన దగ్గర ఏదీ లేదు. కాబట్టి వెలుగు కావాలంటే చుట్టూ ఉన్నదాన్ని చీకటిలోకి దించాలి, అదీ ధైర్యంగా. అప్పట్లో నా దగ్గరున్న సెట్టుతో అది కుదరలేదు. 6బి అని రాసున్న పెన్సిల్ కూడా బూడిద రంగు దాటేది కాదు, చెక్కుతుంటే ములుకు లోపలే విరిగిపోయేది.

దారి చూపింది ఆటే. మైన్‌క్రాఫ్ట్‌లో వెలుగుకు అంకెలున్నాయి. లాంతరుది 15, అదే గరిష్ఠం. ఆటలో టార్చ్ అనే మామూలు కాగడాది 14, మసకగా వెలిగే రెడ్‌స్టోన్ టార్చ్‌ది 7. వెలుగు మూలం నుంచి ఒక్కో దిమ్మ (ఆటలో అంతా కట్టి ఉండే చదరపు ముక్క) దూరం జరిగేకొద్దీ ఒక్కో అంకె తగ్గుతుంది. నేను కాగితం పట్టీ మీద వరసగా గళ్లు గీసి, 15ను ఖాళీ కాగితంగా, 0ను నా చేతనైనంత నలుపుగా పెట్టుకుని మధ్యవి నింపాను. మామూలు గ్రాఫైట్ పెన్సిళ్లతో పది, పదకొండు గళ్లు మాత్రమే కంటికి విడివిడిగా తెలిశాయి. అడుగున నాలుగైదు గళ్లు ఒకేలా ఉన్నాయి.

ఇంకా నొక్కితే ఇంకా నల్లబడుతుందనుకున్నాను. నల్లబడలేదు, మెరిసింది. గ్రాఫైట్ రేణువులు పలుచని పొరల్లా ఉంటాయి. గట్టిగా నొక్కితే అవి పడుకుని అద్దంలా వెలుతురును వెనక్కి కొడతాయి. ట్యూబ్‌లైట్ కింద చూస్తే నా బొమ్మలో అన్నిటికన్నా చీకటిగా ఉండాల్సిన మూల తళతళలాడింది. వెలుగు గీసేవాళ్లకు ఇంతకంటే పెద్ద ఇబ్బంది లేదు.

అందుకే ఈ సామానులో నేను మొదట కొనమనేది ల్యుమోగ్రాఫ్ బ్లాక్. దీనిలో కార్బన్ ఎక్కువ, నలుపు మెరవకుండా మసిలా పడుతుంది. ఇది చేతికొచ్చాకే నా పట్టీలో అడుగు గళ్లు ఒకదాని నుంచి ఒకటి విడిపోయాయి. అయితే ఇది గట్టిగా రుద్దిన గ్రాఫైట్ మీద సరిగా అంటదు, జారిపోతుంది. కాబట్టి చీకటి మూలల్లో ముందు దీన్నే వేసి, ఆ తర్వాత గ్రాఫైట్‌ను దాని అంచులోకి తీసుకురావాలి. ఈ వరస తెలుసుకోవడానికి నాకు నాలుగు బొమ్మలు పట్టింది. అరచేతి కింద వేరే కాగితం పెట్టుకోకపోతే మసి బొమ్మంతా పాకుతుంది.

మామూలు ల్యుమోగ్రాఫ్‌లో 2హెచ్, హెచ్‌బీ, 2బి, 4బి ఉంటే చాలు, పెద్ద సెట్టు అక్కర్లేదు. లాంతరు చుట్టూ ఉండే లేత వెలుగుకు 2హెచ్ వాడతాను, చేతి బరువు అసలు పడనివ్వకుండా. నొక్కితే కాగితంలో గాడి పడి, దాని మీద మెత్తటి పెన్సిల్ వేసినప్పుడు తెల్లగీతలా బయటపడుతుంది. రఫ్ స్కెచ్‌లకు మాత్రం చిన్నప్పటి నుంచీ అలవాటైన అప్సరే.

ఒక రాత్రి దేవుడి గదిలో లైటు ఆర్పి దీపం ముందు అరగంట కూర్చున్నాను. మంటకు అంచుగీత లేదు. మంటకు అడ్డంగా ఊదుబత్తి పట్టుకుని చూస్తే, ఆ భాగంలో పుల్ల ఉన్నదానికన్నా సన్నగా కనిపించింది, వెలుగు దాన్ని రెండు వైపులా తినేసినట్టు. మర్నాడు లాంతరు ఇనుప చట్రాన్ని వెలుగు పక్కన 2బితో సన్నగా, లేతగా వేసి, దూరం పోయేకొద్దీ 4బికి, ల్యుమోగ్రాఫ్ బ్లాక్‌కు తీసుకెళ్లాను. లాంతరు వెలిగింది. చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

మైన్‌క్రాఫ్ట్ బొమ్మలో ఇంకో జాగ్రత్త ఉంది. అంతా నునుపుగా కలిపేస్తే అది మైన్‌క్రాఫ్ట్‌లా ఉండదు. చట్రం లోపల పిక్సెల్ గళ్ల అంచులు అలాగే ఉంచి, బయటి వెలుగును మాత్రమే స్టంప్‌తో (కాగితం గట్టిగా చుట్టి చేసిన పుల్లతో) కలుపుతాను. వేలితో వద్దు, చర్మం జిడ్డు మరకలా దిగుతుంది. ఆటలో లాంతరు ఏ వైపున్నా దిమ్మ పై ముఖం పక్కలకన్నా వెలుగ్గా కనిపిస్తుంది. అది నేను పాటించను. లాంతరు వైపు తిరిగిన ముఖాన్నే వెలిగిస్తాను, కాగితం మీద అదే నమ్మేలా ఉంటుంది.

నీడబుల్ ఎరేజర్‌తో రుద్దకూడదు, అద్దాలి. ఒక్కో అద్దుకు ఒక మెట్టు లేతబడుతుంది. వెలుగు క్రమంగా పలచబడే చోట దీన్ని మించింది లేదు. మా విజయవాడ మే నెలలో మెత్తబడి జిగురుగా అవుతుంది, మూతున్న స్టీలు డబ్బీలో చల్లటి చోట పెడుతున్నాను. మోనో జీరో గుండ్రటి మొన 2.3 మిల్లీమీటర్లే. లాంతరు చుట్టూ ఎగిరే ధూళి చుక్కలు, గొలుసు మీద మెరుపు దీనితోనే తీస్తాను. 8బి కార్బన్ మీద మాత్రం ఏ ఎరేజరూ పూర్తి తెలుపు తేలేదు. తెల్లగా ఉండాల్సిన చోటును మొదటి నుంచీ ముట్టుకోకుండా కాపాడుకోవాల్సిందే.

కాగితం సంగతి ఒక్క మాట: మరీ నునుపైనది పొరల మీద పొరలు పట్టదు, కాస్త గరుకున్నది తీసుకోండి.

ఇప్పుడు ఆటలోనే ఉన్న ఇంకో రకం లాంతరు, సోల్ లాంటర్న్ మీద ఉన్నాను. నీలంగా వెలుగుతుంది, దాని అంకె 10. పెన్సిల్‌కు నీలం తెలియదు కాబట్టి అంకెనే పట్టుకున్నాను. అత్యంత వెలుగున్న చోట కూడా నా పట్టీలో పదో గడి దాటలేదు, ఖాళీ కాగితం ఎక్కడా వదల్లేదు. మొదటి ప్రయత్నం చూసి మా వాడు "అమ్మా, ఇది ఆరిపోయినట్టుందే" అన్నాడు. నిజమే, చుట్టూ చీకటి చాలలేదు. రెండోదానికి వెనక గోడంతా ల్యుమోగ్రాఫ్ బ్లాక్‌తో రెండు పొరలు నింపాను. అది వాడి బీరువా తలుపు మీద ఉంది. 8బి బొటనవేలంత మిగిలింది, మూడోది మొదలుపెట్టే ముందు కొత్తది కొనాలి.