ట్యాంకు పట్టీలు మార్చామంటే పాతవి చూపించమనండి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు పాత కార్లు నడుపుకునే వాళ్లకి, ముఖ్యంగా సముద్రానికి దగ్గర ఊళ్ల వాళ్లకి ఈ సంగతి చెప్పాలనిపించింది. పెట్రోల్ ట్యాంకు పట్టీలు కొత్తవి వేశామని నా దగ్గర 3,800 రూపాయలు తీసుకున్నారు. వేసింది కొత్తవి కాదు. నా కారుకున్న తుప్పు పట్టీలనే విప్పి, అతుకేసి, నల్లరంగు కొట్టి మళ్లీ నాకే బిగించారు. అది నాకు తెలిసింది నాలుగు నెలల తర్వాత. అదీ హైవే మీద, ట్యాంకు నిండా పెట్రోలుతో, ఇంటిల్లిపాదీ బండిలో ఉండగా.

షాపు పేరు రాయను, అడిగినా చెప్పను. ఒక పేరు చెప్తే మిగతావన్నీ మంచివే అనుకుని ధీమాగా ఉంటారు. ఏ షాపుకెళ్లినా జాగ్రత్తగా ఉండాలనే రాస్తున్నా.

నాది 2007 మోడల్ చిన్న పెట్రోలు కారు, ఏపీ 27 నంబరు. 2022లో పదిహేనేళ్లు నిండితే 5,000 ఫీజు కట్టి ఐదేళ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకున్నా. ఇంజనుకి ఇప్పటికీ వంక పెట్టడానికి లేదు. నాకంటే ముందు దీన్ని నడిపినాయనకి కొత్తపట్నం దగ్గర రొయ్యల గుంటలు ఉండేవి. మేత బస్తాలేసుకుని రోజూ గుంట కట్టల మీద తిప్పేవాడు. ఉప్పునీళ్ల బురదలో తిరిగిన బండిని పైపైన తళతళలాడేట్టు కడుగుతారే గానీ, కిందికి పైపు పెట్టి కొట్టేవాళ్లు ఎంతమంది? కొన్న తర్వాత నేనూ కొట్టలేదు లెండి.

పట్టీలంటే ఏమిటో తెలియని వాళ్లకి రెండు ముక్కలు చెప్తాను. చాలా కార్లలో వెనక సీటు కింద, బాడీకి అడుగున పెట్రోల్ ట్యాంకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉండేవి రెండు ఇనప పట్టీలు. ఒక కొస బాడీలో కొక్కేనికి తగులుకుని ఉంటుంది, రెండో కొస బోల్టుతో బిగిస్తారు. పట్టీకీ ట్యాంకుకీ మధ్య రాపిడి లేకుండా రబ్బరు ముక్క పెడతారు. ఆ రబ్బరు దగ్గరే అసలు తంటా. తడి, ఉప్పు, మట్టి దాని సందులో చేరి ఆరకుండా ఉంటాయి. ఉప్పు గాల్లో తేమని కూడా లాక్కుంటుంది కాబట్టి వానలు లేని రోజుల్లో సైతం లోపల తడి ఉంటూనే ఉంటుంది. బయటికి పట్టీ బాగానే కనిపిస్తుంది, లోపలి వైపు నుంచి చెదలు తిన్నట్టు తినేస్తూ వస్తుంది. మా బండికి ప్లాస్టిక్ ట్యాంకు, తుప్పు గొడవ లేదు అనుకోవద్దు. ట్యాంకు ప్లాస్టిక్‌దైనా పట్టీలు ఇనపవే.

లీటరు పెట్రోలు ముప్పావు కిలో దాకా తూగుతుంది. నా ట్యాంకులో 35 లీటర్లు పడుతుంది. అంటే ట్యాంకు బరువు కాక ఇరవై ఆరు కిలోలు. గతుకు గతుక్కీ ఆ బరువంతా రెండు పట్టీల మీదే ఎగిరి పడుతుంది.

పోయిన వేసవిలో బ్రేకు షూలు మార్పించడానికి ఒంగోల్లో ఒక షాపుకెళ్లా. మా బంధువొకాయన చెప్పిన షాపే. బండి ర్యాంపు ఎక్కించి మెకానిక్ కిందికి పిలిచి చూపించాడు. వెనక పట్టీ బోల్టు దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది, వేలు పెడితే రాలుతోంది. బోల్టు బెజ్జం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. మా ఆవిడకి చూపిద్దామని ఫోన్లో ఫోటో తీశా. ఇంతంత ఖర్చులు ఎందుకు పెడుతున్నావని అడుగుతుంది కదా, సాక్ష్యం ఉండాలి. ఆ ఫోటో ఇంకో రకంగా సాక్ష్యం అవుతుందని అప్పుడు అనుకోలేదు.

మెకానిక్ చెప్పింది నిజమే, పట్టీలు పోయాయి. అక్కడిదాకా ఎవరి తప్పూ లేదు. కౌంటరు మీద పాలిథిన్ కవర్లో కొత్త పట్టీల జత పెట్టి చూపించారు. జత 2,600, లేబరు 1,200. కవరు పట్టుకుని చూశా, కొత్త ఇనుము, కొత్త రబ్బర్లు, బాగానే ఉన్నాయి. "రెండు గంటలు పడతది సార్, బోల్టులు పట్టేసి ఉండాయి. ఎండలో ఎందుకు, భోంచేసి రండి" అన్నారు. ఎంత మర్యాదగా చెప్పారో! నేను భోంచేసి, పక్కన సెలూన్లో గడ్డం కూడా గీయించుకుని తీరిగ్గా వచ్చా.

వచ్చేసరికి బండి కిందికి దించేసి ఉంది. వంగి టార్చి వేసి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ పట్టీలు కనిపించాయి. పాతవి ఏవన్నా అని అడిగా. "తుక్కాయన ఇప్పుడే పట్టుకుపోయినాడు సార్" అన్నాడు కుర్రాడు. ఇప్పుడే! రెండు ఇనప ముక్కల కోసం తుక్కాయన కాచుక్కూర్చున్నాడా? ఆ ప్రశ్న నాకు నోటిదాకా వచ్చింది. బంధువు చెప్పిన షాపు, మధ్యాహ్నం ఎండ, ఇంత మర్యాదగా మాట్లాడుతున్నవాళ్లని అనుమానిస్తే ఏం బాగుంటుందనే మొహమాటం. ఊరుకున్నా. బిల్లంటే చీటీ ముక్క మీద "ట్యాంకు పని 3,800" అని రాసిచ్చారు. దాన్నీ జేబులో పెట్టుకున్నా.

నాలుగు నెలలు ఏమీ కాలేదు. తిరిగింది ఊళ్లోనే, పెట్రోలు కొట్టించింది ఐదొందలకీ వెయ్యికీ. బరువు లేదు కాబట్టి ఆ అతుకు ఆగింది.

నెల్లూర్లో పెళ్లికి బయల్దేరినప్పుడు ఒంగోల్లో ట్యాంకు నింపించా. టంగుటూరు టోల్‌గేటు దగ్గర స్పీడు బ్రేకర్ల మీద వెనకనుంచి "డబ్" మని చప్పుడు. డిక్కీలో సామాన్లు అనుకున్నాం. సింగరాయకొండ ఇంకా రాకముందే మళ్లీ అదే చప్పుడు, ఈసారి దాని వెంటే ఏదో ఈడ్చుకొస్తున్న మోత. "నాన్నా, పెట్రోలు వాసన" అంది మా అమ్మాయి. పక్కకి ఆపి కిందికి చూస్తే గుండె జారిపోయింది. వెనక పట్టీ తెగి వేలాడుతోంది. ట్యాంకు ఒక వైపు ఒరిగిపోయి ముందు పట్టీ మీదా, పెట్రోలు పోసే గొట్టం రబ్బరు మీదా నిలబడి ఉంది. ఆ రబ్బరు సాగిపోయి క్లిప్పు దగ్గర బొట్టు బొట్టు కారుతోంది. తెగిన పట్టీ కొస రోడ్డుకి రాసుకుని తెల్లగా మెరుస్తోంది. ఇనుము రోడ్డుకి రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుందని నేను వేరే చెప్పక్కర్లేదు. అందరినీ దింపి దూరంగా చెట్టు కిందికి పంపించేశా, బ్యాటరీ వైరు పీకేశా. మా వాళ్లు బస్సెక్కి పెళ్లికి పోయారు, నేను రికవరీ వ్యానులో బండితో సింగరాయకొండ షెడ్డుకి పోయా.

ఆ షెడ్డు పెద్దాయన ముందు పెట్రోలంతా క్యాన్లలోకి తీయించాడు. ట్యాంకు కింద చెక్క పెట్టి జాకీ ఎత్తి, పట్టీలు విప్పి నా చేతికిచ్చాడు. స్క్రూడ్రైవర్ మొనతో నల్లరంగు గీకాడు. రంగు కింద తుప్పు, తుప్పు మీదే రంగు. బోల్టు బెజ్జం దగ్గర అంగుళంన్నర ఇనప ముక్క వెల్డింగు. "ఏందబ్బాయా ఇది, కొత్త పట్టీకి అతుకెవురన్నా ఏస్తారా?" అన్నాడు. అప్పుడు ఫోన్లో పాత ఫోటో తీసి పక్కన పెట్టి చూశాం. అదే పట్టీ. అంచుకి ఉన్న చిన్న సొట్టతో సహా అదే. కోడిగుడ్డు బెజ్జం మీద ముక్క అంటించి కొత్త బెజ్జం కొట్టారు, అంతే తేడా.

తెగింది వెల్డింగు దగ్గర కాదు, దాన్ని ఆనుకుని పక్కన. పెద్దాయన వివరంగా చెప్పాడు. తుప్పు తిని రేకులా పలచబడిన ఇనుముకి వెల్డింగు వేడి తగిలితే అతుకు గట్టిగానే ఉంటుంది, పక్కనున్నది పెళుసెక్కుతుంది. బరువు పడి ఊగేకొద్దీ అక్కడ చీలిక వస్తుంది. బోల్టు తలల మీద పానా గీతలు కొత్తగా ఉన్నాయి కాబట్టి పట్టీలు విప్పి బయట పెట్టే వెల్డింగు కొట్టారన్నాడు. మా అదృష్టం అదొక్కటే. కొందరు కారు మీద ఉండగానే కొట్టేస్తారట. ట్యాంకులో పెట్రోలు లేదు, ఖాళీదే అని ధైర్యం చెప్తారట. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. లోపల నిండా ఉండేది పెట్రోలు ఆవిరి, దానికి గాలి కలిస్తే ఒక్క రవ్వ చాలు. ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోకుండా నేలబారున పాకి పని చేసే గుంటలో నిలుస్తుంది. ట్యాంకు బండికి ఉండగా దాని దగ్గర వెల్డింగు హోల్డరు పట్టుకున్నవాణ్ణి చూస్తే బేరాలాడకుండా బండి తీసుకుని వచ్చేయండి.

కొత్త పట్టీలు ఈసారి నేనే నెల్లూర్లో కంపెనీ డీలరు దగ్గర ఛాసిస్ నంబరిచ్చి ఆర్డరు పెట్టా. తొమ్మిది రోజులు పట్టింది. కొందరు చెన్నై పుదుపేటలో పాతవి చవగ్గా దొరుకుతాయన్నారు. అద్దాలకీ, డోర్లకీ అయితే వెళ్లేవాణ్ణేమో. ఇంకో బండి కింద ఎన్నేళ్లు నానిందో తెలియని పట్టీని మళ్లీ నా బండికి కట్టుకోను. రెండూ కలిపే మార్చండి. ఒకటి తెగిందంటే రెండోదీ అదే వయసుది, అదే ఉప్పు తిన్నది. రబ్బర్లు కూడా కొత్తవే వేయించండి, పాత రబ్బరులో ఉప్పు అట్టాగే ఉంటుంది. పని చేయించేముందు ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉండేట్టు చూసుకోండి, దించడానికి వాళ్లకీ తేలిక.

పాత బండి కొనేవాళ్లు ఇంకో సంగతి చూడండి. పైనంతా మామూలు దుమ్ముతో ఉండి కింద మాత్రం కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి. ర్యాంపు ఎక్కించి, రబ్బరు అంచు దగ్గర స్క్రూడ్రైవర్‌తో కొంచెం గీకి చూడనిమ్మనండి. వద్దన్నాడంటే జవాబు వచ్చేసినట్టే. పట్టీ, బోల్టు, చుట్టూ బాడీ అన్నీ ఒకే పూతలో కలిసిపోయి ఉంటే అసలు విప్పకుండానే రంగు కొట్టారని అర్థం.

తెగిన పట్టీ, ఫోటో పట్టుకుని ఒంగోలు షాపుకి పోయా. ముందు మావి కావన్నారు. ఫోటో చూపిస్తే, అందులో తారీఖు కూడా ఉంది కదా, ఓనరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "కుర్రోళ్లు చేసిన పని సార్, నాకు తెలవదు" అన్నాడు. తెలియకపోతే ఆ కొత్త జత మళ్లీ అలమరలోకి ఎట్టా వచ్చిందో నాకూ తెలవదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానంటే 2,600 తిరిగిచ్చాడు. లేబరు ఇవ్వలేదు, పని చేశాం కదా అన్నాడు. అది నిజమే, చాలా పని చేశారు. సరైన బిల్లు ఉంటే మిగతాది కూడా వదిలేవాణ్ణి కాదు. నా దగ్గరుంది చీటీ ముక్క.

బయటికొస్తుంటే ర్యాంపు మీద ఇంకో పాత కారు ఉంది. దాని యజమాని చొక్కా సర్దుకుంటూ రోడ్డు దాటబోతున్నాడు, ఎదురుగా టీకొట్టు. ఆపి చెప్పా, "అన్నా, టీ ఇక్కడికే తెప్పించుకో."