మందు కొట్టే డ్రోన్‌తో ఐదు పంటకాలాలు: అసలు ఖర్చు బ్యాటరీలదే

2023 వానాకాలం నుంచి పది లీటర్ల డ్రోన్ నడుపుతున్నాను. మాది పరకాల వైపు. రెక్కలెన్ని, వేగమెంత అన్నది అమ్మేవాళ్ళే చెబుతారు. చట్టం లెక్కలో ఇదీ విమానమే కాబట్టి దానికి ఒక నంబరు, నడిపేవారికి పైలట్ ధ్రువపత్రం ఉండాలన్నదీ చెబుతారు. బ్యాటరీ సంగతి మాత్రం నాకు ఎవరూ సరిగా చెప్పలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఆ ఏడు జులైలో ఒక సాయంత్రం వాన తెరిపిచ్చింది. మర్నాడు ఎనిమిది ఎకరాల పత్తికి మందు కొట్టాలని నాలుగు సెట్ల బ్యాటరీలూ నిండా చార్జి చేసి పెట్టెలో సర్దాను. రాత్రికి మళ్ళీ పట్టుకుంది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది ఆ వానలే. పన్నెండు రోజులు డ్రోన్ బయటికి తీయలేదు. తీసిన రోజు మొదటి బ్యాటరీని బల్ల మీద పెడితే ఉయ్యాలతొట్టిలా అటూ ఇటూ ఊగింది. పక్కలు ఉబ్బి, పసుపు తొడుగు ఒక మూల చిట్లింది. దగ్గరికి వంగితే గోళ్ళరంగు లాంటి తియ్యటి వాసన. నాలుగింటిలో రెండు సెట్లు పోయాయి. సెట్టు 46,000 రూపాయలు. ఒక్కొక్కటీ నలభై సార్లయినా ఎగరలేదు. అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే, ఉబ్బితే వారంటీ వర్తించదన్నారు.

ఈ లిథియం పాలిమర్ బ్యాటరీని నిండుగా రోజుల తరబడి ఉంచకూడదని అప్పుడు తెలిసింది. బ్యాటరీ లోపలి గదుల్లో ఒక్కొక్కటి, అంటే ఒక్కో సెల్, 4.2 వోల్టులకు నిండుతుంది. వాడని రోజుల్లో 3.8 దగ్గర ఉంచాలి, లేకపోతే లోపల వాయువు పుట్టి ఉబ్బుతుంది. చార్జర్‌లో అందుకోసమే ‘స్టోరేజ్’ అని ఒక మీట ఉంది. నేను రోజూ చూస్తున్న మీటే! శిక్షణలో దాని మాటే రాలేదు. ఇప్పుడు పని వాయిదా పడిందంటే ముందు ఆ మీట నొక్కుతాను. ఎండాకాలంలో దించిన బ్యాటరీని వేపచెట్టు నీడలో ఉంచి, చేతికి వేడి తగలనప్పుడే మళ్ళీ చార్జికి పెడతాను.

మిగిలిన రెండు సెట్లు తలా 230 సార్లు ఎగిరి నీరసించాయి. అంటే లేచిన ప్రతిసారీ 200 రూపాయలు. ఒకసారి లేస్తే ఒక ఎకరం. నేను ఎకరాకు తీసుకునేది 400. సగం బ్యాటరీకే పోయింది. జనరేటర్ పెట్రోలు ఎకరాకు 35 దాకా, సాయానికి వచ్చే అబ్బాయి కూలి వేరు. తర్వాత కొన్న సెట్లు జాగ్రత్తగా వాడితే 320 సార్లు దాటి ఇంకా నడుస్తున్నాయి. 144కి దిగింది ఖర్చు.

మందు బ్రహ్మాండంగా పడుతుందని మొదటి ఏడాది కనిపించినవారికల్లా చెప్పాను. వరి విషయంలో ఆ మాట మీదే ఉన్నాను. బురదలో దిగే పని లేదు, రెక్కల గాలికి పైరు విచ్చుకుని లోపలి దాకా తడుస్తుంది. మిర్చికి మాత్రం అంత గట్టిగా చెప్పలేను. నల్ల తామర పురుగు పూల లోపల దాక్కుంటుంది. ఎకరాకు పది లీటర్ల నీళ్ళతో పైపైన పడే మందు దానికి సరిగా అందలేదు. గుబురుగా పెరిగిన తోటలో మళ్ళీ పవర్ స్ప్రేయరే వీపున వేసుకుంటున్నాను.

కొనమంటారా అని అడుగుతున్నారు. నాకు సొంత పొలం తొమ్మిది ఎకరాలుంది, తమ్ముడు తోడున్నాడు, జనరేటర్ ముందే ఉంది, డ్రోన్ కోసం అప్పు చేయలేదు. అందుకే ఆ 92,000 దెబ్బకు తట్టుకున్నాను. మహిళా సంఘాలకు నమో డ్రోన్ దీదీ అనే కేంద్ర పథకం కింద ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల సాయం ఉంది కాబట్టి వారి లెక్క వేరు. అప్పు తెచ్చి కిరాయి మీదే బతకాలనుకునేవారు మాత్రం, కొత్త సెట్ల కోసం ఎకరాకు 150 చొప్పున మొదటి రోజు నుంచే పక్కన పెట్టగలరా చూసుకోవాలి. పెట్టగలిగితే, వరి ఎక్కువగా ఉన్న ఊరైతే, నేను వద్దనను.