జాగ్రత్త: 30 యూరోలకి జర్మనీ నెల టికెట్ ఇస్తానంటున్న "అన్న" దగ్గర కొనకండి

జర్మనీలో చదువుకుంటున్న మన తెలుగువాళ్ళందరికీ. ఇంకా కోపం తగ్గలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆ అన్న ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు. రూమ్ కావాలన్నా, బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) డౌట్ ఉన్నా, ఎవరైనా ఆవకాయ తెస్తున్నారా అని అడిగినా మన తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో అందరికంటే ముందు రిప్లై ఇచ్చే మహానుభావుడు. ప్రతి నెలా చివర్లో "డాయిచ్‌లాండ్ టికెట్ 30 యూరోలకే, సబ్‌స్క్రిప్షన్ తలనొప్పి లేదు" అని పోస్ట్ పెడతాడు (జర్మనీ అంతా రీజనల్ ట్రైన్లు, సిటీ బస్సులు, ట్రామ్‌లు ఎక్కడానికి పనికొచ్చే నెల టికెట్ అది), కింద వరుసగా దండాల ఎమోజీలు. పేరు రాయడం లేదు. రాసిన పోస్ట్ ఒకటి ఆల్రెడీ గ్రూపులోంచి లేపేశారు, దాంతోపాటు నన్ను కూడా.

సంగతి ఇది. నేను కైజర్స్‌లౌటెర్న్‌లో ఎంఎస్. నాకు సెమిస్టర్ ఫీజులోనే టికెట్ వచ్చేస్తుంది. మా ఫ్రెండ్ బెర్లిన్‌లో ప్రైవేట్ యూనివర్సిటీ, దానికి ఆ భాగ్యం లేదు. మార్చిలో సెలవులకి నా దగ్గరికి వస్తానంది, లక్సెంబర్గ్ వెళ్దామనుకున్నాం. లక్సెంబర్గే ఎందుకంటే ఆ దేశంలో బస్సు, ట్రామ్, ట్రైన్ అన్నీ ఉచితం. 2020 ఫిబ్రవరి 29 నుంచి సెకండ్ క్లాస్‌కి టికెట్టే లేదు, ఆ ఊరివాళ్ళైనా టూరిస్టులైనా ఒకటే. దేశం మొత్తం కలిపి 2,586 చదరపు కిలోమీటర్లు, మన పాత గుంటూరు జిల్లాలో నాలుగో వంతు కూడా లేదు. బోర్డర్ దాకా జర్మనీ టికెట్ మీద వెళ్ళిపోతే, అక్కణ్ణుంచి వాళ్ళ దేశమే మోసుకెళ్తుంది. స్టూడెంట్లకి ఇంతకంటే ఏం కావాలి?

నెల టికెట్ 2023లో మొదలైనప్పుడు 49 యూరోలు, 2025లో 58, 2026 జనవరి నుంచి 63. అదీ సబ్‌స్క్రిప్షన్ పద్ధతిలోనే ఇస్తారు. మా ఫ్రెండ్‌కి ఒక్క నెలకే కావాలి, పార్ట్‌టైమ్ కూడా పోయి ఉంది పాపం. నేనే అన్నకి మెసేజ్ పెట్టాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేశాడు. "ఏ ఊరు చెల్లెమ్మా మనది? ఓ, ఖమ్మమా! మా పెద్దమ్మ వాళ్ళది మధిర" అంటూ మొదలుపెట్టి, బీటెక్ ఎక్కడ చేశామో, ఇక్కడ చలికి ఏం తింటున్నామో అన్నీ అడిగాడు. టికెట్ మాట చివర్లో ఒక్క ముక్క. ఫ్రెండ్ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ మొదటి పేజీ ఫోటో పంపమన్నాడు. టికెట్ మీద పేరు ఉండాలి కదా, అడిగితే తప్పేంటి అనిపించింది.

డబ్బులు యూరోల్లో వద్దన్నాడు. "నాన్నగారితో ఇండియాలో ఫోన్‌పే చేయించమ్మా, ఇక్కడ నాకు ట్యాక్స్ గొడవ." ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు నంబర్ కొట్టి ఆగారు. "ఎవరిదో ఆడవాళ్ళ పేరు వస్తోందమ్మా, కరెక్టేనా?" అని అడిగారు కూడా. అన్నని అడిగితే "మా వదిన అకౌంట్‌లే" అన్నాడు. మూడు వేలు వెళ్ళిపోయాయి. నేను డేటా సైన్స్ చదువుతున్నానండీ. పోయిన సెమిస్టర్‌లో ఫ్రాడ్ డిటెక్షన్ మీద ప్రాజెక్ట్ చేసి మంచి గ్రేడ్ తెచ్చుకున్నాను. నవ్వుకోండి.

టికెట్ వచ్చింది. ఫోన్ వాలెట్‌లో మా ఫ్రెండ్ పేరుతో, క్యూఆర్ కోడ్‌తో ముచ్చటగా ఉంది. బెర్లిన్ నుంచి రీజనల్ ట్రైన్లు మారుకుంటూ పొద్దంతా ప్రయాణం చేసి వచ్చింది, దారిలో స్కాన్ చేసినా ఏమీ అనలేదు. దాంతో మాకు ధైర్యం. అసలు మోసమంతా అక్కడే ఉంది, అది తర్వాత చెప్తాను.

లక్సెంబర్గ్‌కి శనివారం పొద్దున్నే బయల్దేరాం. జార్‌బ్రూకెన్ దాటాక పట్టాలు జార్ నది పక్కనే పోతాయి, కిటికీ సీటు దొరికింది, పులిహోర డబ్బా ఒళ్ళో ఉంది. జార్‌బుర్గ్ దాటింది, లక్సెంబర్గ్ బోర్డర్ దగ్గరి జర్మన్ ఊరు ట్రయర్ ఇంకా ఎంతో దూరం లేదు. టీసీ వచ్చింది, పెద్దావిడ. నాది స్కాన్ చేసింది, థాంక్యూ అంది. మా ఫ్రెండ్‌ది స్కాన్ చేసింది. మెషీన్ వేరే రకంగా కుయ్యిమంది. మళ్ళీ చేసింది. స్క్రీన్ బ్రైట్‌నెస్ పెంచమంది. మూడోసారికి మెషీన్ మావైపు తిప్పి చూపించింది, ఎర్రగా ఒక్క మాట: గెష్‌పెర్ట్. బ్లాక్ చేశారని.

"ఎక్కడ కొన్నారు?" అనడిగింది ఇంగ్లీషులో. మా ఫ్రెండ్ కంగారులో "ఫ్రమ్ వన్ అన్న" అనేసింది. ఆవిడకేం అర్థమవుతుంది! పాస్‌పోర్ట్ అడిగి తీసుకుని, పక్క సీట్లో కూర్చుని, మెల్లగా అన్నీ టైప్ చేసింది. విసుక్కోలేదు, అరవలేదు. ఇలాంటివి ఈ మధ్య చాలా చూస్తున్నానని మాత్రం అంది. 60 యూరోల ఫైన్ స్లిప్ ప్రింట్ తీసి చేతిలో పెట్టింది. ఎదురు సీట్లో జర్మన్ ముసలాయన మమ్మల్ని చూసిన చూపు ఉంది చూశారూ, 60 యూరోల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. మన దేశం మొత్తం తరఫున మేమే దొంగలం అయినట్టు.

అక్కడే, ఆ సీట్లోంచే అన్నకి ఫోన్ చేశాను. ఎత్తాడు.

"చెప్పు చెల్లెమ్మా."

"అన్నా, టికెట్ బ్లాక్ అని వచ్చింది, ఫైన్ వేశారు."

"వాళ్ళ మెషీన్‌కి నెట్ ఉండదమ్మా. మళ్ళీ స్కాన్ చెయ్యమను."

"మూడుసార్లు చేశారన్నా. దాని పేరు, పాస్‌పోర్ట్ నంబర్ అన్నీ రాసుకున్నారు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గొంతే మారిపోయింది. "చూడమ్మా, నేనేం బలవంతంగా అంటగట్టలేదు. 63 పెట్టి కొనుక్కోలేక మీరే కదా నా దగ్గరికి వచ్చింది?"

"కనీసం మా 30 అయినా తిరిగి..."

నవ్వాడు. నిజంగా నవ్వాడండీ, నేను స్పీకర్‌లో పెట్టాను, అది కూడా వింది. "60 కట్టేసి ఎంజాయ్ చెయ్యండి. లక్సెంబర్గ్‌లో అన్నీ ఫ్రీయే కదా!" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే పోలేదు. వాట్సాప్‌లో డీపీ మాయం. ఊరు అడిగి, తిన్నావా అని అడిగి, చెల్లెమ్మా అని పిలిచిన నోటితోనే ఆ మాట. డబ్బులు తింటే తిన్నాడు, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది. ఏడుపు కాదు, ఒళ్ళు మండిపోయింది.

లక్సెంబర్గ్ గురించి అడుగుతారేమో. వెళ్ళాం. ట్రయర్‌లో దిగి, దానికి కొత్తగా టికెట్ కొని, లక్సెంబర్గ్ ట్రైన్ ఎక్కాం. జావర్ నది మీద బ్రిడ్జి దాటితే వాస్సర్‌బిల్లిగ్, దేశం మారిపోయినట్టే. ఊళ్ళో ట్రామ్ ఎక్కినా టికెట్ మెషీన్ లేదు, టీసీ లేడు. అయినా డోర్ తెరుచుకున్నప్పుడల్లా మా ఫ్రెండ్ యూనిఫామ్ ఎవరైనా ఎక్కుతున్నారా అని చూస్తూనే ఉంది. ఫాఫెన్‌తాల్ లోయలోకి దింపే అద్దాల లిఫ్ట్ ఒకటుంది, 71 మీటర్ల ఎత్తు, అదీ ఉచితమే. అందులో నిలబడి కూడా మేం మాట్లాడుకున్నది ఫైన్ గురించే. కోట గోడ దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం, కింద లోయ, పాత ఇళ్ళు, 1994 నుంచి యునెస్కో లిస్టులో ఉన్న చోటు. ఒక్క ఫోటో కూడా నవ్వుతూ రాలేదు.

తిరుగు ప్రయాణంలో బోర్డర్ దాటాక జర్మన్ ఫెడరల్ పోలీసులు ట్రైన్ ఎక్కారు. 2024 సెప్టెంబర్ 16 నుంచి లక్సెంబర్గ్ వైపు కూడా చెకింగ్ పెట్టారు, మామూలు విషయమే. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ చూసి వెళ్ళిపోయారు. కానీ మా ఫ్రెండ్ మాత్రం మన కోసమే వచ్చారనుకుని చేతులు వణికి కార్డ్ కింద పడేసింది. అంత టెన్షన్ పెట్టాడు ఆ పుణ్యాత్ముడు.

ఇంటికొచ్చాక సీనియర్లని, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో మేడమ్‌ని అడిగితే అప్పుడు తెలిసింది అసలు కథ. వీళ్ళు నకిలీ టికెట్ తయారు చేసి అమ్మరు. ఎవరివో దొంగిలించిన బ్యాంక్ అకౌంట్ నంబర్లు పెట్టి నిజమైన ఆప్‌లోనే, మన పేరుతో, నిజమైన టికెట్ తీస్తారు. అందుకే మొదట్లో స్కాన్ అవుతుంది. ఆ అకౌంట్ అసలు ఓనర్ స్టేట్‌మెంట్ చూసుకుని, ఇది నాది కాదు అని డబ్బు వెనక్కి లాక్కుంటాడు. ఇక్కడ మన అనుమతి లేకుండా కోసిన డెబిట్‌ని 13 నెలల దాకా వెనక్కి తెప్పించుకోవచ్చు. డబ్బు రాలేదని కంపెనీ ఆ టికెట్ బ్లాక్ చేస్తుంది. అది ఏ రోజు జరుగుతుందో ఎవరికీ తెలీదు. కాబట్టి "నేను పోయిన నెల కొన్నాను, బానే పనిచేసింది" అనే వాళ్ళ మాట నమ్మకండి. అంటే ఏంటి? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి అకౌంట్‌లోంచి దోచిన డబ్బుతో తీసిన టికెట్ మీద మా ఫ్రెండ్ పేరు, పుట్టిన తేదీ అచ్చుగుద్ది ఉన్నాయి. రేపు ఎవరైనా కేసు పెడితే మొదట కనిపించేది దాని పేరే. అన్న పేరు ఎక్కడా లేదు. వీసా రెన్యువల్ జూన్‌లో ఉంది దానికి.

ఫైన్ గడువులోపే కట్టేశాం, చెరి సగం. నేను మొత్తం కడతానంటే అది ఒప్పుకోలేదు. రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ ఫిర్యాదు పెట్టాం. చాట్ స్క్రీన్‌షాట్లు, ఫోన్‌పే రసీదు, టికెట్ ఫోటో అన్నీ జత చేశాం. పాస్‌పోర్ట్ పేజీ వాడి దగ్గరే ఉంది కాబట్టి అది కూడా రాశాం. డబ్బు కట్టింది ఇండియా నుంచి కాబట్టి అక్కడ ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ ఇచ్చారు. మూడు వేలకి ఇంత అవసరమా అని అక్కడ చుట్టాలు. అవసరమే.

ఇక గ్రూపు సంగతి. అడ్మిన్‌కి అన్నీ పంపాను. "ఇది ఫ్యామిలీ లాంటి గ్రూప్, ఇక్కడ నెగటివిటీ వద్దు సిస్టర్" అన్నాడు. పది నిమిషాల్లో రిమూవ్. భలే ఫ్యామిలీ. ఎవరికి ఎంత వాటా ముడుతోందో నాకు తెలీదు, మీరే ఆలోచించుకోండి.

సరే, కొనాల్సినవాళ్ళకి రెండు ముక్కలు. ఈ టికెట్ పేరు మీద ఉంటుంది, ఒకరిది ఇంకొకరికి చెల్లదు, కాబట్టి "మిగిలిపోయింది, అమ్ముతున్నా" అనేదే అబద్ధం. ఒక్క నెలకే కావాలంటే అధికారిక ఆప్‌లో 63 పెట్టి తీసుకుని, ఆ నెల 10వ తేదీలోపు క్యాన్సిల్ కొట్టండి, చాలా ఆప్‌లలో నెలాఖరుతో ఆగిపోతుంది. ఒక్క రోజు ట్రిప్ అయితే రాష్ట్రం డే టికెట్ చూడండి, ఇద్దరు ముగ్గురు కలిస్తే మనిషికి ఇంకా తక్కువ పడుతుంది. లక్సెంబర్గ్‌లో ఫస్ట్ క్లాస్ బోగీ మాత్రం ఎక్కకండి, దానికి టికెట్ కావాలి. పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ రెండూ దగ్గర ఉంచుకోండి.

నిన్న రాత్రి వేరే గ్రూపులోంచి ఒక జూనియర్ స్క్రీన్‌షాట్ పంపింది. కొత్త నంబర్, అదే మాట తీరు, అదే 30 యూరోలు, "ఏప్రిల్ టికెట్లు కొన్నే ఉన్నాయి, త్వరపడండి". ఆ అమ్మాయి ఆల్రెడీ కొనేసిందట, సోమవారం ఆ టికెట్ మీద ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళాలట. ఎక్కొద్దని చెప్పాను. మీలో ఎవరి ఫోన్లో అయినా ఆయన ఇచ్చిన టికెట్ ఉంటే, ఇవాళ స్కాన్ అయినా సరే, మీరూ ఎక్కకండి. డిలీట్ మాత్రం చెయ్యకండి, ఫిర్యాదుకి పనికొస్తుంది.