మన డెల్టా ఎంబీఏ గ్రూపుల్లో తిరుగుతున్న ఆ ఫిన్‌టెక్ ఇంటర్న్‌షిప్ జోలికి వెళ్ళకండి

నిన్న సాయంత్రం నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, రాసేది అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ఎవరో మీకు తెలుసు. నీలం లోగో. ఇంటి నుంచే పని, ఎనిమిది వారాలు, నెలకి 12 వేలు, సర్టిఫికెట్ గ్యారంటీ అని అమలాపురం, భీమవరం, కాకినాడ కాలేజీ గ్రూపులన్నిట్లో తిరిగిన పోస్టరు. పేరు రాయట్లేదు. ఎక్కడైనా రాస్తే లీగల్ నోటీసు పంపుతామని ముందే బెదిరించారు. నోటీసు పంపాలంటే ముందు వాళ్ళకో అడ్రసు ఉండాలనుకోండి, అది వేరే సంగతి.

మాది అంబాజీపేట పక్కన. ఎంబీఏ ఫైనాన్స్, మొదటి ఏడాది అయింది. సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యకపోతే ప్రాజెక్టు రిపోర్టుకి దారి లేదు, హైదరాబాద్ వెళ్ళి హాస్టల్‌కి కట్టే స్తోమత అంతకన్నా లేదు. ఇంటర్వ్యూ పది నిమిషాలు. మీ బలహీనత ఏంటని అడిగారు. ఎవరేం చెప్పినా నమ్మేస్తానని అప్పుడే చెప్పేసుంటే ఇద్దరికీ టైం కలిసొచ్చేది.

ఆఫర్ లెటర్ వెనకాలే 3,999 అడిగారు, తిరిగిచ్చేసే డిపాజిట్ అని. నాన్న కొబ్బరి దింపు డబ్బుల్లోంచి తీసిచ్చారు. "పని వాళ్ళిస్తంటే డబ్బులు మనమివ్వడమేంటే?" అన్నారు. "అది ఆన్‌బోర్డింగ్ కిట్‌కి నాన్నా, నీకు తెలీదులే" అన్నాను. ఎవరికి తెలీదో ఇప్పుడు తెలిసింది. ఆ కిట్ కూడా రాలేదు లెండి.

ఫిన్‌టెక్ అంటే టెక్నాలజీతో నడిచే ఆర్థిక సేవలు కదా, డేటా, రిస్క్, లోన్ స్కోరింగ్ ఏదో నేర్పుతారనుకున్నాను. ఆయ్, నేర్పారు. లింకు ఎలా ఫార్వర్డ్ చెయ్యాలో నేర్పారు. తెలిసినవాళ్ళ చేత ఒక షేర్ల బ్రోకర్ దగ్గర డీమ్యాట్ ఖాతాలు, అంటే షేర్లు దాచుకునే ఖాతాలు, తెరిపించాలి, రోజుకి మూడు. రాత్రి తొమ్మిదికి లెక్క చెప్పకపోతే గ్రూపులో పేరు పక్కన ఎర్ర చుక్క పెట్టేవాళ్ళు. అయిదు వారాల్లో 31 చేశాను. బాబాయిలు, పిన్నులు, మా వీధి మేతల కొట్టాయన, ట్యూషన్ పిల్లల అమ్మలు.

మా పెద్దమ్మ ఖాతా మాత్రం గొంతులో ముల్లులా ఉంది. శుక్లాల ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. సెల్ఫీ కోసం నల్ల కళ్ళజోడు తీయించాను. కరెంటు లేదు, అరుగు మీద కూర్చోబెట్టి మొహానికి టార్చి కొట్టాను. తెల్లకాయితం మీద సంతకం పెట్టమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టింది. "షేర్లంటే ఏంటే?" అంది. "ఏం లేదు పెద్దమ్మా, నా చదువుకి" అన్నాను. ఓటీపీ తనే చదివి చెప్పింది, నేను పైకొస్తానని.

ఇక సోమవారం మీటింగు. సిగ్నల్ కోసం డాబా ఎక్కి వాటర్ ట్యాంకు నీడలో కూర్చున్నాను. నలభై మంది దాకా ఉన్నారు. స్టైపెండ్ ఎప్పుడండీ అని మర్యాదగానే అడిగాను. టీమ్ లీడ్ గారు "యాభై ఖాతాలు దాటితేనే స్టైపెండ్, ఆఫర్ లెటర్ చదువుకోలేదా?" అన్నాడు. చదివానండీ, అందులో ఆ ముక్క లేదు, కావాలంటే స్క్రీన్ మీద చూపిస్తానన్నాను. అంతే, "నీ వాయిస్ కట్టవుతోందమ్మా" అని మ్యూట్ చేసేశాడు. నెట్ బ్రహ్మాండంగా ఉంది, నాకు అందరి మాటలూ వినపడుతున్నాయి. ఎన్నిసార్లు నొక్కినా మైకు తెరుచుకోదు. అప్పుడు నవ్వుతూ అన్నాడు చూడండి: "కోనసీమ కదా, నెట్ లేకపోతే కొబ్బరికాయలు అమ్ముకో. అదీ బిజినెస్సే." నలుగురైదుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. వాళ్ళలో ఒకమ్మాయి మా కాలేజీయే.

ఆ కొబ్బరికాయలు అమ్మిన డబ్బేనయ్యా నువ్వు మింగిన 3,999. ఈ మాట అప్పుడే తట్టింది, కానీ మైకేదీ? ఎటకారం గోదారోళ్ళకి పుట్టుకతో వస్తుందంటారు. నాకు మాత్రం మ్యూట్‌లో వచ్చింది.

మర్నాడు సర్టిఫికెట్ అడిగితే వెరిఫికేషన్ ఫీజు 1,499 కట్టమన్నారు. నా డిపాజిట్‌లోనే మినహాయించుకోండి అన్నాను. దండం బొమ్మ ఒకటి పంపి నన్ను తీసేశారు. మెయిల్ పెడదామని చూస్తే అది మామూలు జీమెయిల్ ఐడీ. అయిదు వారాలు చూశాను దాన్ని, ఒక్కసారి కూడా అనుమానం రాలేదు.

రాత్రి కూర్చుని ఆఫర్ లెటర్‌లో కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు లెక్కపెట్టాను. దాన్ని సీఐఎన్ అంటారు, అందులో 21 అక్షరాలూ అంకెలూ ఉండాలి. మూడుసార్లు వేలు పెట్టి లెక్కపెట్టినా 20 వచ్చాయి. మేం ఖాతాలు తెరిపించిన బ్రోకర్ మాత్రం నిజంగా ఉన్నదే, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఈ నీలం లోగో ఎవరో తమకి తెలీదన్నారు. బ్రోకర్ తరఫున జనాన్ని చేర్చేవాళ్ళు అధీకృత వ్యక్తిగా (ఆథరైజ్డ్ పర్సన్) స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదై ఉండాలి. ఇది నేను చదువుకున్న విషయమే, పరీక్షలో రాశాను కూడా. కేవైసీ, అంటే ఖాతాదారు ఎవరో నిర్ధారించుకోవడం మీద ఎనిమిది మార్కుల ప్రశ్నకి ఏడు వచ్చాయి. తగ్గిన ఆ ఒక్క మార్కు ఇదే అయ్యుంటుంది.

ఇప్పుడేమో పెద్దమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఖాతా నిర్వహణ ఛార్జీ 354 బకాయి అని. ఒక మనిషికి ఒకటే డీమ్యాట్ ఉండి, అందులో విలువ 4 లక్షలు దాటకపోతే బీఎస్‌డీఏ (చిన్న మదుపరుల కోసం ఉన్న డీమ్యాట్ ఖాతా) కింద ఆ ఛార్జీ ఉండదు. నా మాట విని తెరిచినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ సంగతి బ్రోకర్‌ని అడగండి, అక్కర్లేకపోతే మూయించెయ్యండి.

మిగతావాళ్ళకి: ఇంటర్న్‌షిప్‌కి ఎదురు డబ్బు అడిగితే ఫోన్ పెట్టెయ్యండి. ఇప్పటికే కట్టేసుంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. నేను ఇవాళ పొద్దున చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు.

31 మంది ఇళ్ళకీ వెళ్ళి చెప్పాలి. రేపు పెద్దమ్మతో మొదలు. ఖాతా మూసే ఫారం నెట్ సెంటర్లో ప్రింట్ తీయించాను, పేజీకి పది రూపాయలు. మళ్ళీ ఆ సంతకం పెట్టించాలి.