విదేశాల్లో ఫార్మ్ వాలంటీరింగ్ ‘వీకెండ్ ప్యాకేజీ’ కొంటున్నారా? నేను 350 యూరోలు పోగొట్టుకున్నాను, ఆగి ఇది చదవండి

చదువైపోయాకో, సెమిస్టర్ల మధ్యలోనో ఐరోపాలో ఏదైనా పొలంలో పనికి బదులు తిండి, బస తీసుకుని మూడు వారాలు ఉండి వద్దాం అనుకుంటున్న మనవాళ్ళ కోసం రాస్తున్నాను. పొలానికి వెళ్ళొద్దని కాదు. మధ్యలో ఎవడికో డబ్బు కట్టి వెళ్ళొద్దని.

జర్మనీలో మాస్టర్స్ చేస్తున్నాను. 2025 సెప్టెంబరు చివర థీసిస్ ఇచ్చేశాను. రిజల్ట్ వచ్చేదాకా ఖాళీ. అప్పుడు ఫోన్‌లో ఒక ఏజెన్సీ యాడ్ కనిపించింది. ఇటలీ, ఉంబ్రియా ప్రాంతం, ట్రాసిమేనో సరస్సు పైన కొండ మీద ఆలివ్ తోట. రోజుకి 5 గంటల పని, వారానికి 5 రోజులు, మూడు పూటలా భోజనం, అమ్మాయిలకి విడి గది, రైల్వే స్టేషన్ 10 నిమిషాల దూరం, శని ఆదివారాలు పూర్తిగా మీవే అని రాశారు. ప్లేస్‌మెంట్ ఫీజు 290 యూరోలు. ఇంకో 60 కడితే ‘వీకెండ్ పాస్’ అట, మూడు శనివారాలు అసిసి, సియెనా, ఫ్లోరెన్స్ వాళ్ళే తిప్పుతారట. కార్డుతో కాకుండా బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేస్తే సీటు ముందు కన్ఫర్మ్ చేస్తామన్నారు. చేశాను. నా మొదటి తప్పు అదే, దాని సంగతి కింద చెప్తాను.

అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఒకటే మాట అంది. “మన చేలో మిరపకాయలు కొయ్యమంటే ఎండ అన్నావు. ఇప్పుడు ఎవరి చేలోనో కాయలు కొయ్యడానికి ఎదురు డబ్బులు కట్టావా?” మాది పల్నాడు. నాన్న మిరప వేస్తారు. అమ్మ అన్నదాంట్లో ఉన్న అసలు సంగతి నాకు అక్కడికి వెళ్ళాక గానీ ఎక్కలేదు.

అక్టోబరు 12, ఆదివారం, పసిన్యానో స్టేషన్‌లో దిగాను. స్టేషన్ బయట ఒక్క మనిషి లేడు, బస్సు లేదు. ఆ పొలం వాళ్ళబ్బాయి పాత ఫియట్ పాండా వేసుకుని వచ్చి తీసుకెళ్ళాడు. యాడ్‌లో రాసిన 10 నిమిషాలు అబద్ధం కాదు, ఆ కొండ మలుపుల్లో అతను తోలినట్టు తోలితే నిజంగానే పది నిమిషాలు. నడిస్తే 9 కిలోమీటర్లు. మీరు ఎప్పుడైనా ఇలాంటిది బుక్ చేస్తే ‘ఎన్ని నిమిషాలు’ అని అడక్కండి. దేని మీద ఎన్ని నిమిషాలో అడగండి.

విడి గది అన్నది పాత గుర్రాల కొట్టం. నాలుగు మంచాలు. నేను, ఒక పోలండ్ అమ్మాయి, ఇద్దరు బ్రెజిల్ అబ్బాయిలు. మధ్యలో దుప్పటి ఒకటి తాడు మీద వేలాడేశారు, అదే గోడ. పిల్లలు మర్యాదస్తులు, ఏ ఇబ్బందీ రాలేదు. కానీ ఇంట్లో ‘విడి గది’ అని చెప్పి ఒప్పించి వచ్చిన అమ్మాయి పరిస్థితి ఏంటో ఒకసారి ఊహించుకోండి.

ఇక పని. పొద్దున 8కి చెట్ల కింద ఉండాలి. ముందు చెట్టు చుట్టూ వలలు పరవాలి, కొండ వాలు కదా, కింది అంచు పుల్లలతో పైకెత్తి కట్టాలి, లేకపోతే కాయలన్నీ దొర్లి లోయలోకే. తర్వాత ప్లాస్టిక్ చేతి దువ్వెనతో కొమ్మని దువ్వుతూ ఉంటే కాయలు టపటపా రాలతాయి. ఎత్తు కొమ్మలకి బ్యాటరీతో నడిచే పొడుగు కర్ర ఉంటుంది, దాని చివర వేళ్ళు గజగజా ఊగుతుంటాయి. దాన్ని గంటసేపు పైకెత్తి పట్టుకుంటే సాయంత్రం చెంచా పట్టుకోవడానికి కూడా చెయ్యి లేవదు. రాలిన కాయల్లోంచి రెమ్మలు ఏరి, డబ్బాలకెత్తి, ఆ రోజువి ఆ రోజే మిల్లుకి పంపాలి. గుట్టగా పోసి ఉంచితే కాయ వేడెక్కి నూనె పాడవుతుంది. మన కల్లంలో మిరపకాయ తడిస్తే నాన్న పడే కంగారే ఆ పొలం ఇంటావిడ ముఖంలోనూ చూశాను.

మొదటి రోజు ఉత్సాహంగా ఒక కాయ కొరికాను. చెట్టు మీది ఆలివ్ కాయ సీసాలో వచ్చే కాయలా ఉంటుందనుకున్నాను. నేలవేము నమిలినట్టయింది. బ్రెజిల్ అబ్బాయిలు పడీ పడీ నవ్వారు.

తిండికి వంక పెట్టను. పాస్తా, శనగలు, ఆకుకూరలు, అప్పుడే ఆడించిన పచ్చటి నూనె. ఆ కొత్త నూనె గొంతులోకి దిగగానే మిరియాల్లా మండుతుంది, దగ్గొస్తుంది. దగ్గొస్తేనే మంచి నూనె అన్నట్టు మెచ్చుకుంటారు. రొట్టెలో మాత్రం ఉప్పు ఉండదు. 1540లో పోప్ మూడో పాల్ ఉప్పు పన్ను పెంచితే ఆ కోపంతో మానేశారని అక్కడ కథ చెప్తారు. నిజమో కాదో గానీ మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి ఆ చప్పటి రొట్టెలోకి అదిరింది. అక్టోబరు 20న దీపావళికి ఆ నూనెతోనే కిటికీలో రెండు దీపాలు పెట్టాను. ఆవిడ వచ్చి కాసేపు నిలబడి చూసి, ఇంకో గిన్నెడు నూనె తెచ్చి పోసి వెళ్ళింది.

ఇలాంటి జ్ఞాపకాలు ఉంటాయి కాబట్టే అందరూ అయిదు చుక్కల రివ్యూ రాసి ఊరుకుంటారు. నేను కూడా అలాగే ఊరుకునేదాన్ని, ఆ శనివారాలు లేకపోతే.

మొదటి శనివారం 18న. అసిసి ట్రిప్ అని పొద్దున్నే తయారై కూర్చున్నాను. వ్యాన్ ఏదీ రాలేదు. ఏజెన్సీకి మెసేజ్ పెడితే కనీసం ఆరుగురుంటేనే ట్రిప్ నడుస్తుందని జవాబు. ఈ షరతు డబ్బు కట్టేటప్పుడు ఎక్కడా కనపడలేదు. తర్వాత వెతికితే, షరతుల పేజీలో అట్టడుగున ఉంది. సరే, నేనే వెళ్తానంటే ఆ ఇంటావిడ ఆశ్చర్యపోయింది. “ఎండ కాసింది కదమ్మా, కాయ కొయ్యొద్దూ?” అన్నట్టు చేతులు తిప్పింది. అప్పుడు వెలిగింది నాకు. కోతల కాలంలో శనివారం ఏముంటుంది? మిరప కోతలప్పుడు మా ఇంట్లో ఎప్పుడైనా ఆదివారం ఉందా? వాన పడిన రోజే సెలవు. ఆ వారం గురువారం వాన పడింది, ఆ రోజంతా కొట్టంలో కూర్చుని పొయ్యి దగ్గర సాక్సులు ఆరబెట్టుకున్నాం. మా సెలవు అదే.

అందుకని ఎవరైనా అక్టోబరు, నవంబరులో ఆలివ్ తోటకో, సెప్టెంబరులో ద్రాక్ష తోటకో ‘వీకెండ్స్ ఫ్రీ’ అని అమ్ముతుంటే అర్థం చేసుకోండి. అమ్మేవాడికి వ్యవసాయం తెలియదు, లేదా మీకు తెలియదని వాడికి తెలుసు.

పని 5 గంటలు కాదు, 8 దాటేది. 26వ తేదీ ఆదివారం గొడవపడి మరీ సెలవు తీసుకుని సొంతంగా అసిసి వెళ్ళాను. పసిన్యానో నుంచి పెరూజా మీదుగా లోకల్ రైలు. ఊరు కొండ మీద, స్టేషన్ కింద సాంతా మరియా దెల్యి ఆంజెలిలో, అక్కణ్ణుంచి బస్సెక్కాలి. సెప్టెంబరు 7నే కార్లో అకూతిస్ అనే కుర్రాణ్ణి సెయింట్‌గా ప్రకటించారు, 2006లో పదిహేనేళ్ళకే చనిపోయిన పిల్లాడు, సమాధి అక్కడే. ఆ క్యూ చూస్తే శివరాత్రి నాడు కోటప్పకొండ గుర్తొచ్చింది. సెయింట్ ఫ్రాన్సిస్ బసిలికాలో గోడల మీద బొమ్మలు చూస్తూ టైము మర్చిపోయాను. పైగా ఆ రోజే ఐరోపా అంతా గడియారం గంట వెనక్కి తిప్పే రోజు. అయిదుంపావుకే చీకటి. స్టేషన్ నుంచి పొలానికి బస్సు లేదు. ఫోన్ చేసి బతిమాలితే ఆ అబ్బాయే వచ్చాడు, ‘ఈ ఒక్కసారికే’ అంటూ.

బస్సు సంగతి వేరే చెప్పాలి, ఇటలీ వెళ్ళే ఎవరికైనా పనికొస్తుంది. టైమ్‌టేబుల్‌లో ‘ఫెరియాలే’ అని ఒక వరుస ఉంటుంది. జర్మన్‌లో ఫెరియన్ అంటే సెలవులు కదా, ఇదీ అలాంటిదే అనుకుని, సెలవు రోజుల బస్సు అనుకున్నాను. కాదు. ఫెరియాలే అంటే పని దినాలు, అందులో శనివారం కూడా కలుస్తుంది. ‘ఫెస్తీవో’ అంటే ఆదివారాలు, పండగలు. పోలండ్ అమ్మాయి చెప్తే తెలిసింది. ఓహో, శనివారం బస్సుందన్నమాట అని చివరి శనివారం సియెనా పోదామని పొద్దున ఆరుగంటలకే రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. గంటన్నర. ఒక కుక్క తప్ప ఏమీ రాలేదు. ఆ రోజు నవంబరు 1. వాళ్ళకి సర్వ పునీతుల పండగ. శనివారమే, కానీ ఫెస్తీవో. తిరిగొచ్చి మళ్ళీ వలలు పరిచాను.

సియెనా చూడలేదు. ఫ్లోరెన్స్ మాత్రం 2న తిరుగు ప్రయాణంలో చూశాను. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ఉఫిజీ మ్యూజియం టికెట్ లేకుండా చూడొచ్చు, ఆ క్యూలో నిలబడే ఓపిక ఉండాలి అంతే. అంటే 60 యూరోల పాస్‌లో చూపిస్తామన్న మూడు ఊళ్ళలో రెండు నా డబ్బుతో నేనే చూశాను, ఒకటి చూడనే లేదు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. మన జర్మనీ స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఇటలీలో 180 రోజుల్లో 90 రోజులు తిరగడానికి పనికొస్తుంది, పని చెయ్యడానికి కాదు. ఇండియా నుంచి టూరిస్ట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకీ అంతే. ‘ఇది వాలంటీరింగ్ కదా, వీసా ఏం అక్కర్లేదు’ అని ఏజెన్సీ వాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రోజుకి 8 గంటలు, వారానికి ఆరు రోజులు, అమ్మకానికి పోయే పంట కోస్తున్నప్పుడు దాన్ని ఏమంటారో తనిఖీకి వచ్చిన అధికారి నిర్ణయిస్తాడు, ఏజెన్సీ కాదు. ఆ రోజు వీసా మీద దెబ్బ పడేది మనకి.

రెండోది ఇన్సూరెన్స్. బ్రెజిల్ అబ్బాయి ఒకడు నిచ్చెన మీంచి జారి మణికట్టు బెణికించుకున్నాడు. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు ఎలా జరిగింది అని అడిగితే పాపం నిజం చెప్పాడు. శారీరక శ్రమ పాలసీలోకి రాదని ఖర్చు ఇవ్వలేదు. మీ పాలసీలో ఆ వాక్యం ఉందో లేదో కాగితం తీసి చూడండి, చాలావాటిలో ఉంటుంది.

మూడోవారం ఆ ఇంటావిడ నన్ను అడిగింది, మీరెంత కట్టారు అని. 350 అని ఫోన్‌లో రసీదు చూపిస్తే ఆవిడ నోరు తెరిచేసింది. వాళ్ళకి ఒక్క సెంటు రాలేదట. ‘కోతకి మనుషుల్ని ఉచితంగా పంపిస్తాం, ఎన్ని గంటలైనా చేస్తారు’ అని వాళ్ళకి చెప్పారట. మాకొకటి చెప్పి వాళ్ళకొకటి చెప్పారు. ఆవిడ మంచిదే, కానీ 8 గంటలు చేయించుకున్నది కూడా ఆవిడే, అది మర్చిపోలేను.

డబ్బు వెనక్కి అడిగాను. 40 యూరోల వోచర్ ఇస్తామన్నారు, వాళ్ళ దగ్గరే ఇంకో ట్రిప్ కొనుక్కోవడానికి. జర్మనీ కేల్‌లో యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్ ఉంది, ఇంకో ఈయూ దేశం కంపెనీ మీద ఫిర్యాదుకి సాయం చేస్తారు. తీరా చూస్తే ఈ ఏజెన్సీ చిరునామా ఈయూ బయట. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేసేదాన్ని. ట్రాన్స్‌ఫర్ చేశాను కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. సీటు ముందు ఇస్తామని ట్రాన్స్‌ఫర్ ఎందుకు చేయించారో ఇప్పుడర్థమైంది. ఇండియా నుంచి కట్టి పూర్తిగా మోసపోయినవాళ్ళైతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

అయినా వెళ్ళాలనిపిస్తే, వాలంటీర్లని సేంద్రియ పొలాలతో కలిపే వూఫ్ (WWOOF) లాంటిదాన్ని చూడండి. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్ అనే ఆవిడ మొదలుపెట్టింది, పట్నం మనుషులు వారాంతంలో పొలానికెళ్ళి పనిచేసి రావడానికి. అంటే అక్కడ వారాంతమే పని! ఇప్పుడు ఏ దేశానికి ఆ దేశం సంఘం ఉంది, ఏడాదికి చిన్న సభ్యత్వ రుసుము కడితే పొలం వాళ్ళతో మనమే మాట్లాడుకోవచ్చు. వీసా తలనొప్పి అక్కడా ఉంటుంది, అది వేరే సంగతి. కానీ వెళ్ళేముందు ఆ ఇంటివాళ్ళతో వీడియో కాల్‌లో మాట్లాడి, గది చూపించమని, వానొస్తే ఎలా, ఎండ కాస్తే ఎలా, ఏ రోజు సెలవో మెసేజ్‌లో రాయించుకోండి. నేను ఏజెన్సీతో నలభై మెసేజ్‌లు చేశాను, పొలం వాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. యాడ్‌లో ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో పెట్టినా దొరికిపోయేవాళ్ళు. అది ట్రాసిమేనో కాదు, టస్కనీలోని వాల్ దోర్చా.

బయల్దేరే రోజు ఆవిడ లీటరు నూనె సీసా చేతిలో పెట్టింది. రైల్లోనే తిరిగొచ్చాను కాబట్టి జాగ్రత్తగా తెచ్చుకున్నాను. అమ్మకి వీడియోలో చూపిస్తే రంగు చూసి ముచ్చటపడి, “బాగుందే, లీటరు ఎంత పడింది?” అంది. ఇంకా చెప్పలేదు.