కడప బండ గట్టు కింద స్టీలు సొరుగులు: కొన్నేళ్ళు వాడాక

వంటగది గట్టు కింద పెట్టే స్టీలు తీగల సొరుగుల రకాలు, కొలతలు, ధరలు ఏ హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా చెబుతారు కనుక వాటి జోలికి పోకుండా, వీటిలో నాకు అమితంగా నచ్చిన ఒక్క గుణంతోనే మొదలుపెడతాను. ఈ సొరుగు లాగితే చివరి అంచుదాకా బయటికి వస్తుంది. చిన్న చక్రాల పట్టాల మీద నడిచే పాత చెక్క సొరుగులో వెనుక భాగం కొంత ఎప్పుడూ గట్టు కిందనే ఉండిపోయేది. ఇందులోని ఛానెల్, అంటే సొరుగు జరిగే లోహపు పట్టా, మూడు పట్టీలుగా ఒకదానిలోంచి ఒకటి సాగుతుంది కనుక, వెనుక మూలన పెట్టిన డబ్బా కూడా పైనుంచి చూస్తే కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారికి ఇదివరకు రాగిపిండి కావాలంటే నేల మీద చతికిలబడి, గూట్లోకి తల దూర్చి, ముందు వరుస డబ్బాలన్నీ బయట పెట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు సంగటికి పిండి ఆమే తీసుకుంటున్నారు, నన్ను పిలవడం లేదు. ఆ ఒక్క సౌకర్యాన్ని చూసి, అడిగినవారికల్లా వీటిని సిఫారసు చేస్తూ వచ్చాను. ఇప్పుడు కాస్త ఆచితూచి చేస్తున్నాను.

మాది కడపలో ఎర్రముక్కపల్లి వైపు పాత మిద్దె. వంటగది ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. గట్టు, గట్టు కింద గూళ్ళను విడదీసే నిలువు అడ్డబండలు, అన్నీ కడప బండే. ఈ రాయి పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. ఉలితో పొర వెంబడి విడదీస్తే పలకలుగా వస్తుంది కాబట్టే మా ప్రాంతంలో నేల మీదా, గట్ల మీదా, గూళ్ళలోనూ ఇదే కనిపిస్తుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే వెంటనే తుడవకపోతే మచ్చ కడుతుందన్న మాటే గానీ, గట్టిదనం విషయంలో దీనికి వంక పెట్టలేము. అయితే ఆ పొరల గుణమే సొరుగుల దగ్గరికి వచ్చేసరికి మమ్మల్ని ఇబ్బంది పెట్టింది.

అమర్చడానికి వచ్చిన వడ్రంగి, ఇటుక గోడకు బిగించినట్టుగానే, అడ్డబండకు డ్రిల్లుతో బెజ్జాలు వేసి, ప్లాస్టిక్ బిరడాలు దిగగొట్టి, వాటిలోకి మరలు బిగించి చెక్క పట్టీలు అమర్చాడు. ఛానెళ్ళను ఆ పట్టీలకు బిగించాడు. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు. తర్వాత అన్నిటికంటే కింది సొరుగు, అంటే రాగులు, జొన్నపిండి, పప్పులు, శెనక్కాయలు ఉండేది, లాగినప్పుడు కాస్త ముందుకు వంగుతున్నట్టు అనిపించసాగింది. దుకాణంవారిని ఫోనులో అడిగితే, ఛానెల్‌లో గ్రీజు ఎండిపోయి ఉంటుందని తేల్చేశారు. ఉగాదికి ఓళిగల కోసం శెనగపప్పు తీద్దామని సొరుగును పూర్తిగా లాగినప్పుడు లోపల ఫట్టుమని శబ్దం వచ్చింది. కుడివైపు చెక్క పట్టీ ముందు భాగం ఊడిపోయి, అరచేతంత రాతి పెచ్చును వెంట తెచ్చుకుంది. సొరుగు ఆ పక్కకు ఒరిగింది. ఎడమవైపు ఛానెల్ మెలి తిరిగి, అందులోని చిన్న చిన్న ఉక్కు గుండ్లు నేలంతా దొర్లిపోయాయి. ఇక అది లోపలికి పోదు, బయటికి రాదు. గట్టుకు ఎదురుగా ఫ్రిజ్ ఉండటంతో మా వంటగదిలో నడిచే దారి రెండడుగులే, బయటికి వచ్చి నిలిచిపోయిన సొరుగు 20 అంగుళాలు. సింకు వైపు నేను, గుమ్మం వైపు అత్తగారు. డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఆమెకు అందించి, ఖాళీ అయిన సొరుగును దాటుకుని నేను ఇవతలికి వచ్చేసరికి వంట సంగతి ఇద్దరమూ మరిచిపోయాము.

బరువు ఎక్కువైందా అంటే అదీ కాదు. ఇలాంటి ఛానెళ్ళ జత సాధారణంగా 35 నుంచి 45 కిలోల దాకా మోస్తుందని చెబుతారు. మా సొరుగులో ఉన్నది అంతకంటే చాలా తక్కువ. సొరుగు మూసి ఉన్నంతసేపు ఆ బరువును పట్టీ పొడవునా ఉన్న మరలన్నీ పంచుకుంటాయి. పూర్తిగా లాగినప్పుడు మాత్రం బరువంతా గట్టు అంచుకు ఇవతల వేలాడుతుంది కనుక భారం ముందు మర మీదికి చేరుతుంది. నేను ఇంతకాలం మెచ్చుకున్న గుణమే ఆ మరను రోజూ కొంత కొంత లాగుతూ వచ్చిందన్నమాట.

వడ్రంగి మళ్ళీ వచ్చి, రెండంగుళాల అవతల కొత్త బిరడాలు వేస్తానన్నాడు. అదృష్టవశాత్తు ఆ రోజుల్లో పక్కింట్లో నేల పరుస్తున్న బండల మేస్త్రి ఒకాయన వచ్చి చూశారు. ఆయన అడ్డబండను పైనుంచి కిందికి చిన్న సుత్తితో తడుతూ పోయారు. ఖంగున మోగిన చోట వదిలేసి, డొల్లగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టారు. "అక్కా, ఈ బండను అదిరిస్తే లోపల పొర ఇడిపోతాది. పైకి బాగనే కనపడతాది గానీ, నీ మర పట్టుకునింది పెచ్చునే, బండను కాదు" అన్నారు. డ్రిల్లులో సుత్తి దెబ్బను ఆపేసి, నీళ్ళు చిలకరిస్తూ, అడ్డబండను ఇటు నుంచి అటు పూర్తిగా తొలిచారు. తర్వాత బండకు రెండు వైపులా ఉన్న చెక్క పట్టీలను పొడవాటి బోల్టులతో, వెడల్పాటి వాషర్లతో ఒకదానికొకటి కలిపి బిగించారు. ఇప్పుడు పట్టీలు రాతి పొరలను రెండు పక్కల నుంచి అదిమి పడుతున్నాయి. ముందు బోల్టును కూడా అంచు నుంచి మూడంగుళాలు వెనక్కి జరిపారు. ఛానెళ్ళు కొత్తవి వేయవలసి వచ్చింది. ఆ తర్వాత ఇన్నాళ్ళలో ఆ సొరుగు వెంట్రుకవాసి కూడా వంగలేదు.

చోటు కలిసివస్తుందని దుకాణాల్లో చెప్పే మాటను మాత్రం యథాతథంగా నమ్మవద్దు. మా గూడు వెడల్పు 18 అంగుళాలు. ఒక్కో పక్క ఛానెల్‌కు అర అంగుళం, చెక్క పట్టీకి ముప్పావు అంగుళం పోతే, సొరుగుకు మిగిలింది పదిహేనున్నర. రెండు సొరుగుల నడుమ ఎత్తులోనూ కొంత వృథా తప్పదు. పెద్ద డేక్షాలు, ఓళిగల పెనం సజ్జ ఎక్కాయి. మొత్తం మీద గట్టు కింద పట్టే సామాను మునుపటి కంటే తగ్గింది. పట్టినదంతా చేతికి అందుతోంది. సొరుగు తెరిచినప్పుడల్లా నిలబడే చోటును అది తీసుకుంటుంది కనుక, ఇద్దరు కలిసి వంట చేసే పూట ఒకరు గుమ్మంలోకి తప్పుకోవలసిందే.

మిగతావి చిన్న విషయాలు. సింకు పక్క సొరుగుకు అతుకుల దగ్గర గోధుమరంగు మచ్చలు వచ్చాయి. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూపించి మంచి స్టీలని నమ్మబలుకుతారు గానీ, చవక రకమైన 202 స్టీలు కూడా మేలురకమైన 304 లాగే చాలావరకు అయస్కాంతానికి అంటదు కనుక ఆ పరీక్షతో తేలేదేమీ లేదు. పిండి దుమ్ము ఛానెల్‌లోని గ్రీజుకు అంటుకుని జిగురు కడుతుంది. పొడిబట్టతో తుడిచి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది. ఛానెళ్ళకు పక్కన నల్లటి మీటలు ఉంటాయి; మావాటిలో ఒక పక్కది పైకి, రెండో పక్కది కిందికి నొక్కితే సొరుగు మొత్తం ఊడివస్తుంది, వెనుక గోడదాకా కడుక్కోవచ్చు. బొద్దింకల బెడద తగ్గడానికి అదే కారణమని నా అనుమానం.

సొంత ఇల్లు, వంగలేని పెద్దవారు, నెలకు సరిపడా ధాన్యం ఒకేసారి తెచ్చుకునే అలవాటు ఉన్నాయి కనుక మాకు ఈ ఖర్చు దండగ అనిపించలేదు. అద్దె ఇంట్లో ఉండేవారు బండకు బెజ్జాలు వేయించే ముందు యజమానిని అడగాలి. నడిచే దారి రెండడుగుల కంటే తక్కువైతే అసలు ఆలోచించకపోవడం మేలు. కడప బండ గూళ్ళున్నవారు వడ్రంగితో పాటు బండల మేస్త్రిని కూడా ఒకసారి పిలిపించుకోవాలి. సింకు కింది గూట్లో గొట్టం అడ్డం రావడంతో మేము సొరుగు పెట్టించలేదు. అక్కడ ఒక ప్లాస్టిక్ బుట్టలో ఉల్లిగడ్డలు పోసి, కావలసినప్పుడు ముందుకు లాక్కుంటున్నాము. దానితో ఇంతవరకు ఏ చిక్కూ రాలేదు.