చెట్టినాడులో ఒక ప్లాస్టిక్ నేల, ఒక అసలైన మండువా

రాత్రికి 7,800 రూపాయలు పుచ్చుకుని మాకు ఇచ్చిన గదిలో నేల ప్లాస్టిక్‌ది. ఆ సంగతి మొదట కనిపెట్టింది నేను కాదు, తమ్ముడూ కాదు. డెబ్బై మూడేళ్ళ మా అమ్మ. గడప దగ్గర చెప్పులు విడిచి లోపల రెండు అడుగులు వేసి ఆగిపోయింది. "ఇది గచ్చు కాదమ్మాయ్, కాలికి చల్లగా లేదు" అంది. వంగి చూస్తే మంచం కోడు పక్కన అంచు లేచి ఉంది. అక్కడి ఆత్తంగుడి ఊళ్ళో చేత్తో చేసే సిమెంటు టైల్స్ పువ్వులను అచ్చు వేసిన పల్చటి షీటు, దాని కింద మామూలు సిమెంటు.

మేము తమిళనాట చెట్టినాడు వెళ్ళిందే ఇళ్ళు చూడడానికి. అమ్మ కోనసీమలో ఒక మండువా లోగిలిలో పుట్టింది. 1998లో అన్నదమ్ములు వాటాలు పంచుకుని ఆ ఇంటిని పడగొట్టారు. అక్కడ శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల పల్లెల్లో నాట్టుకోట్టై చెట్టియార్లనే వర్తకులు కట్టించిన ఇళ్ళ ఫొటోలు చూపిస్తే, "మన ఇల్లే, కాకపోతే పదింతలు" అని చాలాసేపు ఫోను ఇవ్వలేదు. అందుకే బయలుదేరాం. చెన్నై నుంచి పల్లవన్ ఎక్స్‌ప్రెస్‌లో కారైక్కుడి చేరాం, రోజుకు 3,200 చొప్పున కారు మాట్లాడుకున్నాం. ప్రయాణంలో ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా ఆ బసలోనే. ఫొటోల్లో టేకు స్తంభాలు, మండువా, దానిలోకి తెరుచుకునే గది చూపించారు. అవన్నీ ముందున్న పాత ఇంట్లో నిజంగానే ఉన్నాయి. మా గది మాత్రం పెరట్లో కొత్తగా కట్టిన వరుసలో ఉంది. పైన జిప్సం కప్పు, వసారాలో సిమెంటు స్తంభాలకు టేకు రంగు. మేనేజరును అడిగితే, "అదే డిజైను కదా మేడమ్, చూడ్డానికి తేడా ఏముంది?" అన్నాడు. తమ్ముడికి కోపం తలకెక్కింది. అమ్మ మాత్రం ఒకటే కోరింది, సాయంత్రం కాసేపు ఆ పాత మండువాలో కూర్చుంటానని. అక్కడ ఎవరో పెళ్ళి ఫొటోలు తీయించుకుంటున్నారట, అడ్డంగా తాడు కట్టి ఉంచారు. తాడు ఇవతల నిలబడి ఐదు నిమిషాలు చూసి, గదికి వచ్చి పడుకుంది. మనిషికి 650 రూపాయల భోజనం కూడా వద్దంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ తాడు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

రెండు రాత్రులకు ముందే కట్టిన 15,600లో, పొద్దున్నే గంటసేపు వాదిస్తే 5,000 వెనక్కి ఇచ్చారు. మీరు వెళ్ళేటట్లయితే డబ్బు కట్టకముందే మీకు ఇవ్వబోయే గది ఫొటో, దాని నేలతో సహా, పంపమనండి. పాత ఇంట్లోనా, కొత్త కట్టడంలోనా అని సూటిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదని మాకు తెలిసివచ్చింది.

రెండో బస కారు డ్రైవరు చూపించాడు. పక్క పల్లెలో ఒక కుటుంబం తమ ఇంట్లోనే నాలుగు గదులు అద్దెకు ఇస్తోంది. ఉదయం ఫలహారంతో కలిపి 4,500. వేడినీళ్ళు బకెట్లలో తెచ్చి ఇస్తారు, ఏసీ ఒక గదిలోనే ఉంది, అది మాకు దొరకలేదు. అయినా ఆ రెండు రాత్రులూ ఫ్యాను కూడా నెమ్మదిగానే తిప్పుకున్నాం.

ఎందుకంటే ఆ ఇల్లే చల్లగా ఉంటుంది. వీధి అరుగు నుంచి చూస్తే ఒక ద్వారం, దాని వెనక మరో ద్వారం, ఆ వెనక ఇంకొకటి, చివరకు అవతలి వీధి వెలుగు. ఇల్లంతా ఒకే గీత మీద కట్టారు. ముందు మగవాళ్ళు కూర్చుని వ్యాపారం మాట్లాడుకునే సావడి, తర్వాత వలవు అనే పెద్ద మండువా, ఆపైన ఆడవాళ్ళు మసిలే రెండో కట్టు, అది దాటితే వంటిళ్ళు. గాలి ఒక వీధిలో దూరి ఇంకో వీధిలోకి పోతుంది. మండువాకు నాలుగు వైపులా గూన పెంకుల చూరు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి ఎండ నేల మీద పడుతుంది గానీ గదుల్లోకి రాదు.

గోడల దగ్గరే నాకు ఎక్కువ సమయం పట్టింది. సున్నం అని చెబితే ఎవరూ నమ్మరు. కోడిగుడ్డు పెంకు మీద ఉండే మెరుపు లాంటిది, అరచేయి పెడితే జారుతుంది. సున్నాన్ని మెత్తగా నూరి, పొరలు పొరలుగా పూసి, పైపూతలో తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రుద్ది తెచ్చిన నిగనిగ. బెల్లం, కరక్కాయ నీళ్ళు కూడా పడతాయని ఇంటావిడ చెప్పగానే అమ్మ ముఖం విప్పారింది. "మా గానుగ సున్నంలోనూ అంతే. బెల్లం కలిపేటప్పుడు పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం" అంది. ఇంటావిడకు తెలుగు రాదు, అమ్మకు తమిళం రాదు. డ్రైవరు నడుమ నిలబడి మాటలు అందిస్తుంటే ఇద్దరూ అరగంట సున్నం గురించే మాట్లాడుకున్నారు.

గోడకు నడుము ఎత్తు వరకు జపాన్ నుంచి తెప్పించిన మెరుపు టైల్స్, స్తంభాలకు బర్మా టేకు. స్తంభం అడుగున రాతి దిమ్మ, చెదలు, చెమ్మ కొయ్యకు అంటకుండా. ఈ కుటుంబాల డబ్బు చాలావరకు బర్మాలో వడ్డీ వ్యాపారం మీద వచ్చింది. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించాక ఆ వ్యాపారం కూలిపోయింది. ఒకే గదిలో ఆ టైల్స్, ఆ టేకు పక్కపక్కన చూస్తూ ఈ మాట విన్నప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు. మండువా చుట్టూ ఉన్న చిన్న గదులు పెళ్ళయిన ఒక్కో కొడుక్కి ఒక్కొక్కటి. ఇప్పుడు వారసులు ఊరికి ఒకరు. వీధిలో పది ఇళ్ళకు ఏడింటికి తాళాలే కనిపించాయి. ఈ ఊళ్ళు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకు ఎక్కాయి గానీ, పెంకు జారితే సర్దే మనిషి ఇంట్లో ఉండాలి కదా.

అన్నట్టు, అక్కడి ఫలహారం. వెళ్ళై పణియారం, ఎర్ర కారపు చట్నీ. మన గుంట పునుగులకు తెల్లటి తోబుట్టువు. ముందు రాత్రి పస్తు పడుకున్న అమ్మ తొమ్మిది తిన్నది.

రెండో రోజు ఆత్తంగుడి. అక్కడి పెద్ద ఇల్లు తప్పక చూడండి, మా దగ్గర తలకు 50 తీసుకున్నారు. మధ్యాహ్నం గుంపులు వస్తాయి, తొమ్మిదింటికే వెళ్ళండి. తల ఎత్తి పైకప్పు చెక్కల మీది రంగుల పని చూడడం మరిచిపోకండి. అంతకన్నా నాకు నచ్చింది టైల్స్ చేసే పాక. గాజు పలక మీద లోహపు చట్రం పెట్టి, దాని ఒక్కో గడిలో రంగు సిమెంటు గరిటెతో పోస్తారు. చట్రం ఎత్తితే ఆ రంగులు చెదరకుండా నిలుస్తాయి. మీద పొడి ఇసుక సిమెంటు చల్లి, తడి సిమెంటు వేసి నొక్కి ఆరబెడతారు. కొలిమి లేదు, కాల్చడం లేదు. తర్వాత నీళ్ళలో నాననిచ్చి ఎండలో పెడతారు. మెరుపు ఆ గాజుది. పరిచాక కొబ్బరినూనెతో తుడుస్తూ, నడుస్తూ ఉంటే ఏళ్ళ కొద్దీ ఇంకా నున్నబడుతుందట. మేనేజరు అడిగిన తేడాకు జవాబు అక్కడ దొరికింది. ఒకటి నడిచిన కొద్దీ మెరుస్తుంది, ఇంకొకటి నడిచిన కొద్దీ అంచు లేస్తుంది.

మూడో రోజు కారైక్కుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధికి వెళ్ళాం. పాత సామాన్ల దుకాణాలు అక్కడే. ఎనామెల్ క్యారియర్లు, అద్దాలు, లోపలికి పోతే పడగొట్టిన ఇళ్ళ స్తంభాలు, తలుపులు వరుసగా ఆనించి ఉన్నాయి. అమ్మ ఒక ద్వారబంధం ముందు నిలబడి పైకమ్మీ మీది గజలక్ష్మిని వేలితో తడిమింది. ధర అడిగింది. 85,000 అన్నారు. "మనవి నాలుగు ద్వారబంధాలు, తలుపులతో సహా పద్దెనిమిది వేలకు ఇచ్చేశారు" అంది తమ్ముడితో. వాడు ఏమీ అనలేదు. మా మేనమామలు అమ్మినప్పుడు లారీ ఎక్కించింది వాడే.

వచ్చేటప్పుడు 650 పెట్టి ఒక ఇత్తడి గొళ్ళెం కొంది. నన్ను బేరం ఆడనివ్వలేదు. ఇంటికొచ్చాక పూజగది తలుపుకు పెట్టబోతే, ఈ కాలపు తలుపు పల్చన కదా, మరలు పట్టలేదు. వడ్రంగి వెనక వైపు ఒక టేకు ముక్క ఆనించి బిగించాడు. అతనికి 400 ఇచ్చాం.